కెగెల్‌ పేరు మిగిలింది.. పాఠం మరచిపోయాం!

దగ్గితే చుక్క. తుమ్మితే చుక్క. పగలబడి నవ్వితే చీర తడుస్తుందేమోనని భయం. బిందె ఎత్తాలన్నా, మెట్లెక్కాలన్నా, బస్సులో దూరం వెళ్లాలన్నా జంకు. కాన్పులైనవారిలో, నలభైలు దాటిన ఆడవాళ్లలో ఇది చాలా మామూలు సమస్య. అయినా ఇంట్లో ఎవరికీ చెప్పరు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లటం తగ్గిస్తారు. బయటికి వెళ్లేరోజు నీళ్లు తాగటం మానేస్తారు. వయసు మీదపడితే అంతేలే అని సరిపెట్టుకుంటారు. ఎప్పుడో ధైర్యం చేసి డాక్టర్‌ దగ్గర నోరు విప్పితే ముందుగా వినిపించే సలహా.. కెగెల్‌ వ్యాయామాలు చేయమని.

నిజానికి కెగెల్‌ అనేది వ్యాయామం పేరు కాదు. ఓ మనిషి పేరు. ఆయన అమెరికాకు చెందిన స్త్రీవ్యాధుల నిపుణుడు. కన్నుమూసి యాభై ఏళ్లు దాటింది. ఆయన పేరైతే ప్రపంచమంతా పాకింది గానీ ఆయన పట్టుబట్టి చెప్పిన అసలు సంగతి మాత్రం దారిలోనే జారిపోయింది. ఏళ్ల తరబడి వ్యాయామం చేసినా గుణం కనిపించలేదని చాలామంది నిరాశపడటానికి ఒక పెద్ద కారణం అదే.

కుట్లే దిక్కైన రోజులు

ఆర్నాల్డ్‌ హెన్రీ కెగెల్‌ 1894లో పుట్టారు. గైనకాలజిస్టుగా పేరు తెచ్చుకొని లాస్‌ ఏంజెలిస్‌లోని యూనివర్సిటీ ఆఫ్‌ సదరన్‌ కాలిఫోర్నియా వైద్య కళాశాలలో అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆయన వైద్యం చేస్తున్న రోజుల్లో మూత్రం లీకయ్యే సమస్యకు డాక్టర్లు ప్రధానంగా నమ్ముకున్నది ఆపరేషన్‌నే. జాన్స్‌ హాప్కిన్స్‌కు చెందిన ప్రఖ్యాత సర్జన్‌ హోవర్డ్‌ కెలీ 1910ల్లోనే మూత్రాశయం మెడ కింది భాగాన్ని కుట్లతో బిగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 1949లో మార్షల్‌, మార్కెటి, క్రాంట్జ్‌ అనే ముగ్గురు డాక్టర్లు మూత్రాశయం మెడను పైకి లేపి, పొత్తికడుపు కింది ఎముక వెనక భాగానికి కుట్టే మరో ఆపరేషన్‌ను వివరించారు.

సరిగ్గా ఈ కాలంలోనే కెగెల్‌ వేరే దారి పట్టారు. కుట్లతో జారినదాన్ని బిగించొచ్చు, ఆకారాన్ని సరిచేయొచ్చు. కానీ దాన్ని మోయాల్సిన కండరమే నీరసించి ఉంటే? పని లేక చచ్చుబడిన చేతి కండరానికి వ్యాయామంతో బలం వచ్చినప్పుడు కటి భాగంలోని కండరానికి మాత్రం ఎందుకు రాదు? కెగెల్‌ పరిశోధన అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అప్పట్లో ఇలాంటి ఆలోచనకు వేరేచోటా ఊపిరి పోస్తున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కండరాలకు తిరిగి సత్తువ తేవటానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్‌ డిలోర్మ్‌ క్రమంగా బరువు పెంచుతూ వ్యాయామం చేయించే పద్ధతిని 1945లో ప్రచురించారు. అంతకుముందు బలహీనమైన కండరానికి విశ్రాంతే మందు అనుకునేవారు ఎక్కువ. దెబ్బతిన్న కండరాన్ని కూడా కష్టపెడితేనే గట్టిపడుతుందని ఈ పద్ధతి చాటింది. మూడేళ్ల తర్వాత, 1948లో కెగెల్‌ తన పరిశోధన పత్రానికి పెట్టిన పేరులోనూ క్రమంగా నిరోధాన్ని పెంచే వ్యాయామం అన్న మాటే కనిపిస్తుంది. అప్పటికి ఆయన వయసు 54.

కడుపు అడుగున ఉట్టి

ఇంతకీ ఆ కండరం ఎక్కడుంటుంది? మన పాత ఇళ్లలో పాల కుండల్ని మోసే ఉట్టిని గుర్తుకు తెచ్చుకోండి. కటి భాగం అడుగున ముందువైపు జఘనాస్థి నుంచి వెనకవైపు వెన్ను చివరి ఎముక వరకూ కండరాల పొర ఒకటి ఇలాగే వేలాడుతూ ఉంటుంది. మూత్రాశయం, గర్భసంచి, పురీషనాళం దీని మీదే ఆని ఉంటాయి. మూత్రమార్గం, యోని, మలమార్గం దీనిలోంచే బయటికి వస్తాయి. దీన్నే డాక్టర్లు పెల్విక్‌ ఫ్లోర్‌ అంటారు. కెగెల్‌ ప్రత్యేకంగా దృష్టి పెట్టింది ఇందులోని ఒక ముఖ్యమైన కండరం మీద. దాని పేరు ప్యూబోకాక్సీజియస్‌.

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువెత్తినప్పుడు కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అది మూత్రాశయాన్ని కిందికి నొక్కుతుంది. కండరాలు బలంగా ఉంటే అదే క్షణంలో బిగుసుకొని మూత్రమార్గాన్ని మూసేస్తాయి. వదులైతే ఆ పట్టు దొరకదు. చుక్కలు పడతాయి. కాన్పు సమయంలో ఈ కండరాలు, వీటికి వెళ్లే నాడులు బాగా సాగుతాయి. నెలసరి నిలిచాక ఈస్ట్రోజెన్‌ తగ్గటం, అధిక బరువు, ఏళ్ల తరబడి వేధించే దగ్గు, మలబద్ధకంతో రోజూ ముక్కటం.. ఇవన్నీ ఉట్టి తాళ్లను మరింత వదులు చేసేవే.

ముల్లు కదిలితేనే నమ్మకం

వ్యాయామం చేయమని చెప్పటం తేలికే. కానీ కెగెల్‌కు మొదట్లోనే ఒక చిక్కు ఎదురైంది. చేతిని మడిస్తే కంటికి కనిపిస్తుంది. కాలు ఎత్తితే తెలుస్తుంది. లోపలెక్కడో ఉన్న ఈ కండరాన్ని బిగించమంటే చాలామందికి అదెక్కడుందో కూడా తెలియదు. తొలిసారి డాక్టర్‌ దగ్గరికి వచ్చినప్పుడు సుమారు 30 శాతం మంది దీన్ని సరిగ్గా బిగించలేరు. ఇది కెగెల్‌ గమనించిన సంగతే, తర్వాతి పరిశోధకులూ ధ్రువీకరించిన సంగతే. కొందరు పొట్ట బిగిస్తారు. కొందరు పిరుదులు, తొడలు బిగిస్తారు. ఇంకొందరు పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతారు.

అందుకే కెగెల్‌ కాగితం మీద సలహా రాసిచ్చి పంపలేదు. ముందు తానే వేలితో పరీక్షించి, కండరం బిగుస్తోందో లేదో చూసేవారు. సరైన కదలిక వచ్చేదాకా నేర్పించేవారు. ఆ తర్వాత ఇంట్లో సాధన కోసం ఒక పరికరాన్నీ తయారుచేశారు. దాని పేరు పెరినియోమీటర్‌. చూడటానికి బీపీ మిషన్‌కు చుట్టంలా ఉంటుంది. గాలి నింపిన చిన్న రబ్బరు గొట్టాన్ని యోనిలో అమర్చుకోవాలి. దానికి ఓ ట్యూబు, ఆ ట్యూబు చివర ముల్లున్న మీటరు. సరైన కండరం బిగిస్తే ముల్లు పైకి లేస్తుంది. వదిలితే దిగుతుంది. ఎంత బలంగా బిగించారో బీపీ లాగే పాదరసం మిల్లీమీటర్లలో తెలుస్తుంది.

ఇందులో రెండు లాభాలున్నాయి. ఒకటి, కండరం నొక్కటానికి ఎదురుగా ఓ నిరోధం దొరుకుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. తన శరీరం తన మాట వింటోందని ఆమెకు కళ్లారా కనిపిస్తుంది. మొదటి వారం కాస్తే కదిలిన ముల్లు, కొన్ని వారాలకు ఇంకొంచెం పైకి వెళ్తే సాధన వదలబుద్ధి కాదు. శరీరంలో జరిగేదాన్ని పరికరంతో చూసి నేర్చుకోవటాన్ని ఇప్పుడు బయోఫీడ్‌బ్యాక్‌ అంటున్నాం. ఈ మాట వాడుకలోకి రావటానికి చాలా ఏళ్ల ముందే కెగెల్‌ ఆ పని చేసి చూపించారు.

ఆయన చేయించిన సాధన కూడా తక్కువేమీ కాదు. పూటకు 20 నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు. అంటే రోజుకో గంట. మధ్యమధ్యలో పిలిపించి పురోగతి చూసేవారు. ఈ చికిత్సతో 84 శాతానికి పైగా మహిళల్లో సమస్య నయమైందని ఆయన ప్రకటించారు. 1951లో అమెరికన్‌ మెడికల్‌ అసోసియేషన్‌ పత్రికలోనూ ఆయన వ్యాసం వచ్చింది. అయితే వ్యాయామం చేయనివారితో పోల్చి చూసే పద్ధతి ఆయన అధ్యయనాల్లో లేదు. కాబట్టి ఆ అంకెను ఇప్పటి ప్రమాణాలతో యథాతథంగా తీసుకోలేం. అయినా ఆయన చూపిన దారి తప్పు కాదని తర్వాతి కాలం రుజువు చేసింది.

ఆయనకన్నా ముందు

కటి కండరాలను బిగించి వదిలే సాధన కెగెల్‌తోనే పుట్టలేదు. మన యోగాలోని మూలబంధం, అశ్వినీ ముద్రల్లో కింది భాగాన్ని లోనికి, పైకి లాగి పట్టి ఉంచటం శతాబ్దాలుగా ఉంది. ఇక లండన్‌లో మార్గరెట్‌ మోరిస్‌ అనే నర్తకి ఫిజియోథెరపీ కూడా నేర్చుకొని, కాన్పు తర్వాత, ఆపరేషన్ల తర్వాత చేయాల్సిన వ్యాయామాల మీద 1936లోనే పుస్తకం తెచ్చారు. కటి కండరాల మీద ఆమె కూడా శ్రద్ధ పెట్టారు.

మరి కెగెల్‌ చేసిన కొత్త పనేంటి? మూత్రం లీకవటమనే జబ్బుకు దీన్ని చికిత్సగా నిలబెట్టటం. కండరం బలాన్ని కొలవటం. అన్నిటికన్నా ముఖ్యంగా, చేసేది సరిగ్గా చేస్తున్నారో లేదో తేలాకే సాధన మొదలుపెట్టించటం.

జారిపోయిన పాఠం

ఆయన పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. కాన్పయిన ప్రతి తల్లికీ చెప్పే సలహాల్లో చేరింది. కానీ ఈ ప్రయాణంలో పరీక్షించటం పోయింది. మీటరు పోయింది. మళ్లీ పిలిచి చూడటం పోయింది. చివరికి మిగిలింది ఒక్క ముక్క.. బిగించి వదలండి. ఎవరు ఎలా చేస్తున్నారో చూసేవాళ్లు లేకపోయేసరికి ఫలితాలూ పలచబడ్డాయి. వ్యాయామాలతో పెద్దగా లాభం లేదన్న అభిప్రాయం బలపడింది. ఆపరేషన్లే మళ్లీ ముందు వరుసలోకి వచ్చాయి. కెగెల్‌ 1972లో కన్నుమూసే నాటికి ఆయన చికిత్స చాలాచోట్ల మాటవరస సలహాగా మారిపోయింది.

ఆ నష్టం ఎంతటిదో 1991లో అమెరికాలో జరిగిన ఓ చిన్న అధ్యయనం బయటపెట్టింది. 47 మంది మహిళలకు కెగెల్‌ వ్యాయామం ఎలా చేయాలో నోటిమాటగా క్లుప్తంగా చెప్పి, వాళ్లు చేస్తుండగా పరికరాలతో పరిశీలించారు. సరిగ్గా చేసినవాళ్లు 49 శాతం. అంటే సగం కూడా లేరు. అంతకన్నా ఆందోళన కలిగించే విషయం.. 25 శాతం మంది చేస్తున్న తీరు సమస్యను ఇంకా పెంచేలా ఉంది. వాళ్లు కండరాన్ని పైకి లాగటానికి బదులు కిందికి నెడుతున్నారు. అచ్చం కెగెల్‌ నలభై ఏళ్ల ముందు హెచ్చరించినట్టే.

మళ్లీ పైకి లేచిన ముల్లు

తర్వాతి దశాబ్దాల్లో ఈ చికిత్సను పకడ్బందీగా పరీక్షించటం మొదలైంది. 2018లో కాక్రేన్‌ సమీక్ష 31 అధ్యయనాలను కలిపి చూసింది. దగ్గు, తుమ్ముతో మూత్రం లీకయ్యే మహిళల్లో కటి కండరాల శిక్షణ తీసుకున్నవారిలో 56 శాతం మంది తమకు నయమైందని చెప్పగా, చికిత్స తీసుకోనివారిలో అలా చెప్పినవాళ్లు 6 శాతమే. ఇప్పుడు బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్‌ సంస్థ కూడా ఈ రకం సమస్యకు తొలి చికిత్సగా నిపుణుల పర్యవేక్షణలో కనీసం 3 నెలల శిక్షణనే సూచిస్తోంది.

మరి కెగెల్‌ లాగా మీటరు కూడా కావాలా? దీనికీ జవాబు దొరికింది. 2020లో బ్రిటన్‌లో 600 మంది మహిళలపై జరిగిన అధ్యయనంలో సగం మందికి శిక్షణ మాత్రమే ఇచ్చారు. మిగతా సగం మందికి శిక్షణతో పాటు బయోఫీడ్‌బ్యాక్‌ పరికరమూ ఇచ్చారు. రెండేళ్ల తర్వాత చూస్తే రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఒక్క విషయం గమనించాలి. రెండు బృందాలకూ నేర్పినవారు నిపుణులే. అంటే ఖరీదైన పరికరాలు, ఫోన్‌కు అనుసంధానమయ్యే యంత్రాలు అందరికీ అక్కర్లేదు. తెలిసిన మనిషి ఒకరు సరిగ్గా నేర్పి, ఎలా చేస్తున్నారో చూస్తే చాలు.

మీరు చేయాలంటే..

* ముందు కండరాన్ని గుర్తించాలి: వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడవండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్‌ పోకుండా ఎలా ఆపుకొంటారో అలా మలద్వారాన్ని బిగించండి. ఆ బిగింపును ముందుకు, మూత్రమార్గం దాకా తీసుకొస్తూ లోనికి, పైకి లాగండి. లోపల ఏదో పైకి లేచినట్టు అనిపించాలి. కిందికి నెట్టినట్టు అనిపిస్తే తప్పు చేస్తున్నట్టే.

* ఊపిరి బిగబట్టొద్దు: పొట్ట, పిరుదులు, తొడలు వదులుగా ఉండాలి. అనుమానంగా ఉంటే ఒక చేయి పొట్ట మీద పెట్టుకోండి. మామూలుగా మాట్లాడుతూ చేయగలిగితే ఊపిరి సరిగ్గానే ఆడుతున్నట్టు.

* ఎంతసేపు?: మొదట్లో 2, 3 సెకన్లు పట్టి ఉంచితే చాలు. అంతే సమయం పూర్తిగా వదిలేయండి. వదలటమూ వ్యాయామంలో భాగమే. నెమ్మదిగా 10 సెకన్ల దాకా పెంచండి. ఒక విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు. చివర్లో వెంటవెంటనే బిగించి వదిలేవి కొన్ని చేయండి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు పనికొచ్చేది ఈ చురుకే.

* పడుకొని అలవాటయ్యాక కూర్చొని, ఆ తర్వాత నిలబడి చేయండి. నిలబడినప్పుడే ఎక్కువ బరువు మోయాలి కదా.

* మూత్రం పోస్తూ మధ్యలో ఆపటాన్ని వ్యాయామంగా చేయొద్దు. దీంతో మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

* దగ్గు రాబోతోందని తెలియగానే, బిందె ఎత్తే ముందు, కుర్చీలోంచి లేచే ముందు కండరాన్ని బిగించటం అలవాటు చేసుకోండి. ఈ చిన్న మెలకువతోనే దగ్గినప్పుడు పడే మూత్రం బాగా తగ్గుతుందని అమెరికాలోని మిషిగన్‌ యూనివర్సిటీ పరిశోధకులు 1998లో చూపించారు.

* ఓపిక ముఖ్యం. వారం రోజుల్లో ఫలితం రాదు. 3 నెలలు క్రమం తప్పకుండా చేయాలి. తగ్గాక కూడా పూర్తిగా మానకూడదు.

వ్యాయామంతో పాటు..

నీళ్లు తగ్గించటం పరిష్కారం కాదు. మూత్రం చిక్కబడి ఇబ్బంది పెరుగుతుంది, మలబద్ధకం తోడవుతుంది. కాఫీ, టీలు మాత్రం తగ్గించి చూడొచ్చు. పీచు ఎక్కువగా ఉండే ఆకుకూరలు, పండ్లు తింటే ముక్కాల్సిన పని ఉండదు. అధిక బరువు గలవారు కాస్త తగ్గినా తేడా కనిపిస్తుంది. 2009లో అమెరికాలో 338 మంది మహిళలపై చేసిన అధ్యయనంలో, 6 నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గిన బృందంలో వారానికి లీకయ్యే సందర్భాలు 47 శాతం తగ్గాయి. మామూలు సలహాలు మాత్రమే అందుకున్న బృందంలో ఈ తగ్గుదల 28 శాతమే.

దగ్గినప్పుడు కాకుండా, ఉన్నట్టుండి ఆపుకోలేనంత మూత్రం వచ్చి బాత్రూమ్‌కు చేరేలోపే పడిపోతుంటే అది మరో రకం సమస్య. దానికీ ఈ వ్యాయామాలు ఉపయోగపడతాయి గానీ మూత్రానికి వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచే సాధన, కొందరికి మందులు కూడా అవసరమవుతాయి. కాబట్టి తమది ఏ రకమో ముందు డాక్టర్‌తో తేల్చుకోవాలి.

కొన్ని లక్షణాలుంటే వ్యాయామంతో కాలయాపన చేయొద్దు. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, మూత్రం సరిగ్గా రాకపోవటం, యోని నుంచి గడ్డలాంటిది కిందికి జారటం, కాన్పు లేదా ఆపరేషన్‌ తర్వాత నిరంతరం మూత్రం కారుతుండటం.. ఇలాంటివి ఉంటే ముందు డాక్టర్‌ను కలవాలి. కాళ్లలో తిమ్మిరి, బలహీనతతో పాటు మూత్రం మీద అదుపు తప్పితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కటి భాగంలో నొప్పి, కలయికలో నొప్పి ఉన్నవారిలో కండరాలు వదులుగా కాక బిగుసుకుపోయి ఉండొచ్చు. అలాంటివారు ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. మూడు నెలలు సరిగ్గా చేసినా గుణం లేకపోతే ఆపరేషన్‌ వంటి ఇతర చికిత్సలూ ఉన్నాయి. కెగెల్‌ వ్యాయామాలు పనిచేయకపోవటం ఎవరి తప్పూ కాదు.

నోరు విప్పితేనే..

అమ్మ ఊరి ప్రయాణాలు మానేస్తోంది. అత్తయ్య గుడికి రానంటోంది. అక్క బయలుదేరే ముందు రెండుసార్లు బాత్రూమ్‌కు వెళ్తోంది. ఇంట్లో ఇలాంటి మార్పులు కనిపిస్తే కాస్త ఆరా తీయండి. నవ్వులాటగా తీసుకోకండి. కూతురో, కోడలో నెమ్మదిగా కదిపితే ఏళ్లుగా దాచుకున్న బాధ బయటపడొచ్చు.

గైనకాలజిస్టు దగ్గరికి గానీ, ఈ కండరాల శిక్షణలో అనుభవమున్న ఫిజియోథెరపిస్టు దగ్గరికి గానీ వెళ్లినప్పుడు వ్యాయామాల కాగితం తీసుకొని వచ్చేయకండి. మీరు బిగిస్తున్నది సరైన కండరమో కాదో ఒక్కసారి పరీక్షించి చెప్పమని అడగండి. నెల తర్వాత మళ్లీ వెళ్లి చూపించుకోండి. ఆ పరీక్షకు పట్టేది కొన్ని నిమిషాలే. అది కాగానే మీ సాధన ఆ రోజు నుంచే మొదలుపెట్టొచ్చు.